అరుంధతి కనిపించిందా?

క్రిందటి సంచికలో చంద్రుడి మచ్చల గురించి రాశాక చాలామంది ఈమెయిళ్ళు పంపారు. అందరికీ కృతజ్ఞతలు. వాటిలో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "మా అబ్బాయి టెలిస్కోప్ కొనమని ప్రాణం తీస్తున్నాడు, ఏది కొనమంటారు?" జవాబు చెప్తాను. కాని అంతకుముందు మా పెళ్ళి సంగతి చెప్పాలి. కంగారు పడకండి, రెంటికీ సంబంధం ఉంది.

మా ముహూర్తం పగలు పది గంటల నలభై ఏడు నిమిషాలకి. వైశాఖ మాసం, అనకాపల్లి ఎండ. తాళి కట్టాక పురోహితుడుగారు మమ్మల్నిద్దర్నీ పందిరి బయటికి తీసుకెళ్ళి, ఆకాశంలోకి వేలు పెట్టి చూపిస్తూ "అదిగో అరుంధతీ నక్షత్రం, కనిపించిందా?" అన్నారు. "కనిపించిందండీ" అన్నాను. అవతల భోజనాలకి ఆలస్యమవుతోంది మరి. మా ఆవిడ కూడా బుద్ధిగా తలూపింది. ఆ వేళ తనకి నిజంగా కనిపించింది కరెంటు తీగ మీద కాకి అని పదిహేనేళ్ళ తర్వాత గాని ఒప్పుకోలేదు.

ఈ కాలమ్ చదివే దంపతుల్లో చాలామందిది ఇదే కథ అయివుంటుంది. అందుకని పిల్లలూ, ఈసారి మీరే మీ అమ్మానాన్నలకి అరుంధతిని చూపించాలి. ఉత్తరం వైపు తిరిగితే గరిటె ఆకారంలో ఏడు చుక్కలుంటాయి. మీ స్కూల్లో బిగ్ డిప్పర్ అంటారు, మనం సప్తర్షి మండలం అంటాం. గరిటె కాడలో చివరినుంచి రెండో చుక్క వసిష్ఠుడు, ఇంగ్లీషు పేరు మైజార్. దాన్ని ఆనుకుని ఒక చిన్న చుక్క మినుకు మినుకుమంటూ ఉంటుంది. అదే అరుంధతి, ఇంగ్లీషులో ఆల్కార్. రెండూ మనకి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. టెలిస్కోప్‌లో చూస్తే వసిష్ఠుడు ఒక్కడు కాదు, ఇద్దరుగా విడిపోతాడు. ఆ ఇద్దరూ మళ్ళీ జంట నక్షత్రాలేనని వాటి కాంతిని వర్ణపటంగా విడగొట్టి తేల్చారు. అరుంధతికి కూడా ఒక బుల్లి తోడు ఉందని 2009లో బయటపడింది. మొత్తం ఆరుగురు! ఉమ్మడి కుటుంబం.

ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది. మా విశాఖపట్నంలో ధ్రువ నక్షత్రం దిగంతం మీద రెండు పిడికిళ్ళ ఎత్తు కూడా ఉండదు. (చెయ్యి బార్లా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు.) ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడు అంత ఎత్తులో ఉంటాడు కనక టొరంటోలో నాలుగు పిడికిళ్ళ పైన, ఎడ్మంటన్‌లో అయిదు దాటి కనిపిస్తాడు. అందువల్ల సప్తర్షులు అక్కడ ఏడాదిలో కొన్నాళ్ళు సాయంత్రం పూట కనబడకుండా పోతారు గాని, ఇక్కడ అరుంధతి అస్తమించడమే లేదు. మహా అయితే చెట్ల వెనక్కి వెళుతుంది. దానికి బదులు మనం పోగొట్టుకున్నది అగస్త్యుణ్ణి. ఆ నక్షత్రం కెనడాలో ఏ మూలనుంచీ కనిపించదు.

సరే, టెలిస్కోప్. 2017 క్రిస్మస్‌కి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. షాపింగ్ మాల్‌లో ఒక పెట్టె మీద శనిగ్రహం బొమ్మ, కింద "525 రెట్లు" అని ఉంటే మురిసిపోయి కొనేశాను. ఆ రాత్రి డ్రైవ్‌వేలో మైనస్ 14. నేను స్క్రూలు తిప్పుతూంటే అది అరగంట కళ్ళార్పకుండా నిలబడింది. చివరికి కన్ను పెట్టి చూసి "నాన్నా, అంతా నల్లగా ఉంది" అంది. మర్నాడు మళ్ళీ అడగలేదు. ఆ టెలిస్కోప్ బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ పక్కన చేరింది. మీ ఇళ్ళల్లో కూడా ఆ జంట ఉండేవుంటుంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ పిల్ల మళ్ళీ అడగకపోవడమే నాకు చాలా రోజులు మనసులో ముల్లులా గుచ్చుకుంది.

దాన్ని బయటికి తీయించింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. ఆయన రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ కెనడా సభ్యుడు. పేరు చూసి శాస్త్రవేత్తల సంఘం అనుకోకండి. 1868లో టొరంటోలో కొద్దిమంది ఔత్సాహికులు పెట్టుకున్న క్లబ్బు అది. 1903లో పేరు ముందు "రాయల్" వచ్చింది. ఇప్పుడు దేశమంతటా దాదాపు 30 శాఖలున్నాయి. బస్సు డ్రైవర్లు, నర్సులు, టీచర్లు, స్కూలు పిల్లలు అందరూ ఉంటారు. ఏటా వాళ్ళు వేసే అబ్జర్వర్స్ హ్యాండ్‌బుక్ 1907 నుంచి వస్తోంది. మన ఇళ్ళల్లో పంచాంగం ఎలాగో వాళ్ళకి అది అలాగ.

ఆయన మా టెలిస్కోప్ చూసి నవ్వలేదు. పెట్టె మీది "525 రెట్లు" మాత్రం చేత్తో మూసేశాడు. లెక్క ఇదట: ముందుండే కటకం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు కంటే ఎక్కువ పెద్దది చెయ్యడం దండగ. మాది 60 మిల్లీమీటర్లు, అంటే 120 దాటితే మసకే తప్ప ఏమీ ఉండదు. పెట్టెలో ఉన్న 4 మిల్లీమీటర్ల ఐపీసూ, దాన్ని మూడింతలు చేసే గొట్టమూ డ్రాయర్లో పడేసి, 20 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టాడు. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరాన్ని 20తో భాగిస్తే 35 రెట్లు. అంతే చాలన్నాడు. ఐపీసు మీద అంకె ఎంత పెద్దదైతే బొమ్మ అంత చిన్నది, అంత కాంతివంతం, వెతుక్కోవడం అంత తేలిక అని నాకు అప్పుడే తెలిసింది. స్టాండు వణక్కుండా దాని మధ్యనుంచి ఏదైనా బరువు వేలాడదీయమంటే మా ఆవిడ అయిదు కిలోల సోనా మసూరి సంచి తెచ్చింది. పక్కనుండే చిన్న గొట్టాన్ని, అదే ఫైండర్‌ని, పగటిపూట దూరంగా ఉన్న సెల్‌ఫోన్ టవర్ మీద గురి సరిచూసి బిగించాడు. రాత్రి చీకట్లో ఆ పని చెయ్యబోవడమే నేను చేసిన అసలు తప్పు.

ఆ రాత్రి గురుడి పక్కన వరసగా నాలుగు చుక్కలు చూసింది మా అమ్మాయి. గెలీలియో 1610లో చూసిన ఉపగ్రహాలు అవే. మర్నాడు సాయంత్రం అవి స్థానాలు మారాయని అదే కనిపెట్టింది.

కనక మీ ప్రశ్నకి జవాబు: ముందు ఏమీ కొనకండి. దగ్గర్లో ఉన్న క్లబ్బు జనం కోసం పెట్టే ఆకాశ దర్శనానికి ఒకసారి వెళ్ళండి, పది రకాల టెలిస్కోపుల్లో కన్ను పెట్టి చూడనిస్తారు. తర్వాత 7x50 గాని 10x50 గాని బైనాక్యులర్ ఒకటి కొనుక్కోండి. కృత్తికలు, మా ఇంట్లో అనే మాట పిల్లలకోడి, టెలిస్కోప్‌లో కంటే దాంట్లోనే అందంగా ఉంటాయి. ఓ ఏడాది తర్వాత కూడా పిల్లలు అడుగుతూంటే అప్పుడు 6 అంగుళాలో 8 అంగుళాలో డాబ్సోనియన్ చూడండి. స్టాండు గొడవ లేకుండా చెక్కపెట్టె మీద తిరిగే అద్దపు టెలిస్కోప్ అది. టెరెన్స్ డికిన్‌సన్ రాసిన నైట్‌వాచ్ అనే పుస్తకం లైబ్రరీల్లో దొరుకుతుంది. 1983లో మొదట వచ్చింది. 2023లో కన్నుమూసిన డికిన్‌సన్ మన ఒంటారియో మనిషే.

ఇప్పుడు మా నాన్నగారి విషయం. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆయన్నే అడిగితే "రాయరా, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు.

2018 మే నెలలో నాన్నగారు విశాఖ నుంచి వచ్చారు. అప్పటికి డెబ్భై మూడేళ్ళు. రోజూ భోజనాలయ్యాక మనవరాలితో బ్యాక్‌యార్డులో కూర్చుని చుక్కలు చూపించేవారు. వేగుచుక్క ఎప్పుడు పొడిస్తే నాగలి కట్టేవారో చెప్పేవారు. ఒక రాత్రి అది "తాతయ్యా, అరుంధతి!" అని వేలెత్తి చూపించింది. ఆయన చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రాత్రిళ్ళు బయటికి రావడం మానేశారు. మంచు అనేవారు, జూన్ నెలలో! ఫోన్లో మా అన్నయ్యతో పొలం కాగితాల గురించి పదే పదే మాట్లాడ్డం మొదలుపెట్టారు.

విషయం మా ఆవిడే పట్టుకుంది. ఆయుష్షు తీరినవాడికి అరుంధతి కనిపించదని మన పెద్దలు అంటారు. చిన్నప్పుడు నేనూ విన్నాను, మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. పోనీ నమ్మకం అని తీసిపారేద్దామా అంటే ఆయన ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. నమ్ముతున్నానని ఒప్పుకోరు, భయం మానరు.

ఆఫీసు పెద్దాయన్ని అడిగితే పురాతన కాలంనుంచి చాలా దేశాల్లో ఆ రెండు చుక్కలతో చూపు పరీక్షించేవారని చెప్పాడు. మంచి చూపుంటే చీకటి ఆకాశంలో విడివిడిగా కనిపిస్తాయి. మిస్సిసాగాలో వీధిదీపాల వెలుగుకి ఆకాశమే తెల్లబడిపోతుంది, దానికి తోడు కంట్లో శుక్లం ఉంటే చిన్న చుక్క ఆ వెలుగులో కరిగిపోతుంది. "ముందు చీకట్లోకి తీసుకురా, తర్వాత కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు.

చీకటి అంటే టారెన్స్ బారెన్స్. టొరంటోకి ఉత్తరాన రెండు గంటల పైచిలుకు ప్రయాణం, గ్రేవెన్‌హర్స్ట్ దగ్గర. దీపాలు లేని ఆకాశాన్ని కాపాడాలని 1999లో ప్రత్యేకంగా కేటాయించిన చోటు. కెనడాలో అలాంటివాటిలో మొదటిది ఇదే. మిగతా రాష్ట్రాల వాళ్ళకి క్విబెక్‌లో మోంట్ మెగాంటిక్ (2007), ఆల్బర్టాలో జాస్పర్ (2011) ఉన్నాయి. క్లబ్బు వాళ్ళు వెళ్తున్నది ఆగస్టు 11, శనివారం. క్యాలెండర్ చూసి నాన్నగారు "అమావాస్య నాడు ప్రయాణమేమిట్రా?" అన్నారు. పైగా ఆ రోజే పాక్షిక సూర్యగ్రహణం. మనకి గాని ఇండియాకి గాని కనిపించేది కాదు, అయినా గ్రహణం గ్రహణమే కదా. చుక్కలు చూసేవాళ్ళకి అమావాస్యే పండగ, వెన్నెలుంటే సగం చుక్కలు పోతాయని చెప్పి, పులిహోర కట్టుకుని బయల్దేరదీశాం.

అక్కడంతా నున్నటి బండలు, మధ్యలో చెరువు. దోమల సంగతి ఎందుకులెండి, పొడుగు చేతుల చొక్కా లేకుండా వెళ్ళకండి. పది దాటాక గాని పూర్తిగా చీకటి పడలేదు. ఆ వేసవిలో శుక్రుడు, గురుడు, శని, అంగారకుడు నలుగురూ సాయంత్రం ఆకాశంలోనే ఉన్నారు. అంగారకుడి మీద అప్పుడు గ్రహమంతా కమ్మేసిన ధూళి తుఫాను. క్లబ్బు వాళ్ళు చిరాకు పడుతున్నారు, మాకు మాత్రం నారింజ రంగు గోళీలా ముచ్చటగానే ఉంది. పెర్సీడ్ ఉల్కలు రాలుతూంటే పిల్లలు లెక్కపెడుతున్నారు. పాలపుంత నడినెత్తి మీదుగా వెళ్తూంటే నాన్నగారు "మా చిన్నప్పుడు వాకిట్లో నులకమంచం మీంచి ఇలాగే ఉండేది" అన్నారు. మూడు నెలల తర్వాత ఆయన తలెత్తి చూడడం అదే.

వాయవ్యంలో సప్తర్షులు. మా అమ్మాయి ఒక సభ్యురాలిని బతిమాలి ఆవిడ 8 అంగుళాల డాబ్సోనియన్‌ని అటు తిప్పించింది. తక్కువ పవర్, 48 రెట్లు. తాతయ్యకి కుర్చీ వేసి, "ముందు మీరు" అంది. ఆయన కళ్ళజోడు తీసి కన్ను పెట్టారు.

"మూడున్నాయేమిటే?"

"దగ్గరగా ఉన్న రెండూ వసిష్ఠుడు తాతయ్యా. దూరంగా ఉన్నది అరుంధతి."

ఆయన ఏమీ అనలేదు. వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా ఏమీ అనలేదు. చాలాసేపటికి లేచి "ఏదీ, ఆ పులిహోర" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆఫీసు పెద్దాయన మా కార్లోనే వచ్చాడు. మీ ఊళ్ళో కూడా ఇలాంటి క్లబ్బులుండేవా అని అడిగాడు. నాకు నిజాం రాజ్యంలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో గ్రబ్ కంపెనీ 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి నిజామియా అబ్జర్వేటరీ పెట్టిన కథ తెలుసు. ఆ గ్రబ్ కంపెనీ తర్వాతి రూపమే గ్రబ్ పార్సన్స్. మన రిచ్‌మండ్ హిల్‌లోని డేవిడ్ డన్‌లప్ అబ్జర్వేటరీ 74 అంగుళాల టెలిస్కోప్ వాళ్ళు చేసిందే. 1935లో అది తెరిచేనాటికి ప్రపంచంలో రెండో పెద్దది. హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1 కృష్ణబిలం అని 1970ల మొదట్లో టామ్ బోల్టన్ తేల్చడానికి వాడింది కూడా దాన్నే.

కాని మా ఊరి సంగతి చెప్పింది ఆ పెద్దాయనే! 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకుని వచ్చి, విశాఖలో సొంత అబ్జర్వేటరీ కట్టుకున్నాడట. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా దాటడం చూసి వివరాలు నమోదు చేశాడట. పాత శుక్ర సంక్రమణాల గురించి చదువుతూంటే పెద్దాయనకి "విజగపటం" అని పేరు కనబడిందిట. ఈ పెద్దాయన 2012 జూన్ 5న టొరంటోలో అదే దృశ్యం చూశాడు, మళ్ళీ 2117 దాకా రాదు. ఆ అబ్జర్వేటరీ ఉన్నది డాబాగార్డెన్స్‌లో. నాన్నగారు నలభై ఏళ్ళు ఆ వీధుల్లోంచే బడికి నడిచి వెళ్ళారు. "నాకెవరూ చెప్పలేదే" అని రెండు మూడుసార్లు అనుకున్నారు. నాకూ ఎవరూ చెప్పలేదు.

చలికాలం వస్తోంది కనక క్లబ్బులో నేర్చుకున్నవి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. టెలిస్కోప్‌ని ఇంట్లోంచి తీసిన వెంటనే చూడకండి. ఇంట్లో 21, బయట మైనస్ 15 అయితే లోపలి వెచ్చటి గాలి సద్దుమణగడానికి అరగంటో గంటో పడుతుంది, అందాకా బొమ్మ మరుగుతున్న నీళ్ళలో చూసినట్టుంటుంది. లోపలికి తెచ్చేటప్పుడు బయటే మూత పెట్టి, సంచిలో కట్టి తెండి, లేకపోతే అద్దం మీద చెమ్మ పడుతుంది. ఐపీసు మీద ఊపిరి వదిలితే గడ్డకడుతుంది. బ్యాటరీలు లోపలి జేబులో ఉంచుకోండి. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టండి, ఎందుకంటే కన్ను చీకటికి అలవాటు పడడానికి ఇరవై ముప్పయ్ నిమిషాలు పట్టేది, ఒక్క తెల్ల లైటుతో పోతుంది. జంతికలు తిన్న చేత్తో ఎవరి టెలిస్కోపూ ముట్టుకోకండి, ఈ విషయంలో మనవాళ్ళ మీద ఇప్పటికే ఒక ఫిర్యాదు ఉంది. అన్నిటికంటే ముఖ్యం, సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకండి. చూడాలంటే టెలిస్కోప్ ముందు భాగానికి బిగించే అసలైన సౌర ఫిల్టరు ఉండాలి. ఐపీసుకి తగిలించే చిన్న నల్ల గాజు వేడికి పగిలితే కన్ను పోతుంది.

పిల్లలూ, ఇదంతా పెద్దవాళ్ళ వ్యవహారం అనుకుంటే, న్యూ బ్రన్స్‌విక్‌లో కాథరిన్ గ్రే అనే అమ్మాయి 2011 జనవరిలో పదేళ్ళ వయసులో ఒక సూపర్‌నోవా కనిపెట్టింది. నాన్న, ఆయన స్నేహితుడు డేవిడ్ లేన్ ఫొటోలు ఇస్తే, పాత ఫొటో కొత్త ఫొటో మార్చి మార్చి చూస్తూ లేని చుక్క ఎక్కడ వచ్చిందో పట్టుకుంది. 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం. వంటింటి బల్ల మీద తేడాలు కనిపెట్టండి ఆట ఆడే మీకు అది చేతకాని పని కాదు.

నాన్నగారు ఆ అక్టోబరులో వెళ్ళిపోయి, సంక్రాంతి తర్వాత రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నారు. 2019 ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్న మేం ఇడ్లీలు తింటూంటే ఫోను. అక్కడ రాత్రి ఎనిమిదింపావు, డాబా మీంచి మాట్లాడుతున్నారు.

"ఈశాన్యంలో ఉందిరా. టెలిస్కోపూ లేదు, ఏమీ లేదు. విడిగా కనిపిస్తోంది. పిల్లదానికి చెప్పు. మీకిప్పుడు పగలు కదా, మీకు కనిపించదులే."

స్పీకర్‌లో విన్న మా ఆవిడ ఇడ్లీ పాత్ర దింపుతూ, "నాకు పగలే కనిపించిందని చెప్పండి మావయ్యగారికి" అంది.